వయసుకొక ఇల్లు

ఉత్తర బస్తర్‌లోని నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాల మురియా గోండు పల్లెలలో ఒకప్పుడు పొద్దు వాలి, భోజనాలు ముగిసిన తరువాత పిల్లలు ఒక్కొక్కరుగా ఇళ్లు విడిచి బయలుదేరేవారు. ఆరేడేళ్ల పసివాడి భుజం మీద కూడా ఒక కట్టె ఉండేది. ఊరికి ఒక పక్కగా, కంచె కట్టిన ఆవరణలో, గడ్డి కప్పిన విశాలమైన పాక వారి గమ్యం. దాని పేరు ఘోటుల్. పసివాడు మోసుకువచ్చిన ఆ కట్టె రాత్రి నెగడుకు అతడు చెల్లించవలసిన వంతు. తేవడం మరచినవాడికి శిక్ష తప్పదు. ఆ శిక్ష విధించేది తండ్రి కాదు, ఊరి పెద్ద కాదు. వాడికంటె కొన్నేళ్లు పెద్దవాడైన మరొక కుర్రవాడు.

పెళ్లికాని బాలబాలికలందరికీ ఉమ్మడిదైన ఈ సంస్థలో మగపిల్లలను చెలిక్‌లనీ ఆడపిల్లలను మొటియారీలనీ పిలిచేవారు. లింగో పెన్ అనే దైవం దీనిని నెలకొల్పాడని వారి విశ్వాసం. గడప దాటి లోపల అడుగుపెట్టిన వారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు చెల్లదు. అక్కడ వేరొక పేరు, ఆ పేరుతోపాటు ఒక హోదా. సిర్దార్, కొత్వార్, బెలోసా, పియోసా వంటి బిరుదులు ఒకరు విడిచి వెళ్లగానే మరొకరికి సంక్రమించేవి. విచారణలు, జరిమానాలు, పనుల పంపకాలు అన్నీ ఉండేవి. ఆడపిల్లలు ఆవరణ ఊడ్చి అలికేవారు. మగపిల్లలు చెక్క దువ్వెనలు చెక్కి వారికి కానుకగా ఇచ్చేవారు. ఊరిలో పెళ్లి జరిగినా, చావు జరిగినా ముందు నిలిచి శ్రమించవలసిన వారు వీరే. ఆట, పాట, నిద్ర అక్కడే. తెల్లవారేసరికి ఎవరి ఇళ్లకు వారు.

మనిషి జీవితాన్ని దశలుగా విభజించుకోవడం అన్ని నాగరికతలకూ అలవాటే. బాల్యం, కౌమారం, యౌవనం, ప్రౌఢత్వం, వార్ధక్యం అనే మాటలు తెలుగులో ఎంత సహజంగా వెలువడతాయంటే, అవి ప్రకృతి చేసిన విభజనలే గాని సమాజం చేసినవి కావన్న భ్రమ కలుగుతుంది. దేహం విషయంలో అది చాలావరకు నిజం. మనసు విషయంలోనూ, మనిషికీ మనిషికీ నడుమ పెరిగే అనుబంధాల విషయంలోనూ అంత సులువుగా చెల్లే మాట కాదు. పద్నాలుగేళ్ల వయసును ప్రకృతి ఇస్తుంది. ఆ వయసువాడు రాత్రి ఎక్కడ ఉండాలో, ఎవరికి జవాబు చెప్పాలో, ఎవరి అక్కరకు రావాలో మాత్రం సమాజం చెప్పవలసి ఉంటుంది. మురియాలు ఆ వయసుకు ఒక ఇల్లే కట్టి ఇచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. ఒక వయసు తన కోసమే ఉన్నదా, లేక రాబోయే వయసుకు సన్నాహంగా మాత్రమే ఉన్నదా? రెండవదే నిజమైతే, భవిష్యత్తు పేరిట పిల్లల నుంచి వారి నేటి వయసును తీసుకునే అధికారం పెద్దలకు సంపూర్ణంగా ఉన్నట్లే. మొదటిదే నిజమైతే ఏ బడికీ, ఏ ఉద్యమానికీ, ఏ ప్రభుత్వానికీ ఆ అధికారం ఉండదు. ఈ ప్రశ్నకు బస్తర్ గత ఎనభై సంవత్సరాలలో పుస్తకాల ద్వారా కాక అనుభవం ద్వారా అనేక రూపాలలో సమాధానం చెప్పవలసి వచ్చింది.

1902లో రెండున్నర నెలల తేడాతో ఇద్దరు జన్మించారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టినవాడు ఎరిక్ ఎరిక్సన్. ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టినవాడు వెరియర్ ఎల్విన్. మొదటివాడు వియన్నాలో మనోవిశ్లేషణ అభ్యసించి, 1933లో అమెరికా చేరి, 1937లో దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో సూ తెగ పిల్లలను పరిశీలించాడు. రెండవవాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, క్రైస్తవ సేవా సంఘంతో 1927లో భారతదేశానికి వచ్చి, గాంధీజీ ప్రభావానికి లోనై, గోండుల నడుమ స్థిరపడి, 1940 దశకం తొలి సంవత్సరాలలో బస్తర్ పల్లెలలో ఘోటుల్‌ను అధ్యయనం చేశాడు. ఎల్విన్ బృహద్గ్రంథం ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ 1947లోనూ, ఎరిక్సన్ ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ 1950లోనూ వెలువడ్డాయి. మనిషి ఎదుగుదలకు సమాజం ఎంతవరకు బాధ్యత వహిస్తుందన్న విచారణ రెండింటిలోనూ ఉన్నది.

ఎరిక్సన్ జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. ప్రతి దశలోనూ మనిషి ఒక సంకటాన్ని ఎదుర్కొంటాడు. లోకం నమ్మదగినదా కాదా అన్నది పాలుతాగే పసిబిడ్డ సంకటం. నేను పనికివచ్చేవాడినా కానా అన్నది బడి ఈడు పిల్లవాడిది. నేనెవరు అన్నది కౌమారానిది. మరొకరితో మనసు పంచుకోగలనా అన్నది యౌవనానిది. నడివయసులో తరువాతి తరానికి ఏమి ఇస్తున్నానన్న చింత, చివరికి గడిచిన జీవితం అర్థవంతమైనదా కాదా అన్న లెక్క. ఏ దశ సంకటమైనా ఒంటరిగా తీరేది కాదనీ, తల్లి ఒడి మొదలు సంఘ సంస్థల వరకు ఏదో ఒక ఆసరా అందినప్పుడే తీరుతుందనీ ఆయన అభిప్రాయం. కౌమారానికి సమాజం ఒక గడువు ఇవ్వాలని కూడా ఆయన అన్నాడు. పెద్దల బాధ్యతలు మీద పడకముందు, తప్పులు చేసి దిద్దుకోవడానికి వీలుగా ఉండే కాలం అది.

ఆ గడువుకు ఘోటుల్‌కంటె స్పష్టమైన రూపం వెదకినా దొరకదనిపిస్తుంది. అయితే ఒక తేడా ఉన్నది. పాశ్చాత్య యువకుడికి ఆ గడువు తనను తాను వెదుక్కోవడానికి ఇచ్చినది. మురియా చెలిక్‌కు ఆ వెదుకులాట లేదు. తానెవరో గోత్రం, దైవం, ఊరు ముందే చెప్పి ఉంచాయి. గోండు కుటుంబాలలో పుట్టిన బిడ్డ రూపంలో గతించిన పూర్వీకుడే తిరిగి వచ్చాడని భావించి పేరు పెట్టే ఆచారం ఉన్నది. అటువంటి చోట నేనెవరన్న ప్రశ్న పుట్టకముందే దానికి సమాధానం సిద్ధంగా ఉంటుంది. మురియా యువత ఎదుర్కొన్న అసలు సంకటం వేరు. ఎల్విన్ గ్రంథాన్ని శ్రద్ధగా చదివినవారికి అది ఎడబాటు సంకటమని తెలుస్తుంది.

కొన్ని ఘోటుళ్లలో ఒక చెలిక్‌కు ఒక మొటియారి జతగా నిలిచేది. మరికొన్నింటిలో అటువంటి జతలను నిరుత్సాహపరిచేవారు. ఒకరిమీద ఒకరికి స్వంతం అనే భావన ముదరకూడదని, కొద్ది రాత్రులకు మించి అదే జత కలిసి ఉండకూడదని నియమం ఉండేది. ఏ పద్ధతిలోనైనా చివరికి పెళ్లి మాత్రం పెద్దలు కుదిర్చినదే, ఎక్కువగా మేనరికం. ఘోటుల్‌లో మనసిచ్చిన వారితో పెళ్లి జరగడం అరుదు. కొందరు పారిపోయి పెళ్లాడేవారు. తక్కినవారు విడిపోయేవారు. పెళ్లి నిశ్చయమైనవారికి తోటివారు ఘోటుల్‌లో వీడ్కోలు పలికేవారు, పాటలు పాడేవారు, కంటతడి పెట్టేవారు. ఆ తరువాత ఆ దంపతులకు ఆ గడప లోపల చోటు లేదు. ఇలా పెళ్లాడినవారిలో విడాకులు చాలా తక్కువని ఎల్విన్ గుర్తించి, యౌవనంలో దొరికిన స్వేచ్ఛే తరువాతి నిలకడకు కారణమని వాదించాడు.

ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించవలసి ఉన్నది. విడాకులు తక్కువగా ఉండడం సంతృప్తికి నిదర్శనమే కానక్కరలేదు. వేరు దారి లేకపోవడమూ కావచ్చు. కాగా అంతకంటె బలమైన విషయం ఒకటి ఆయన చెప్పిన వివరాలలోనే ఉన్నది. ఆ సమాజం ప్రేమను నిషేధించలేదు, దాచలేదు. దానికి ఒక వయసును కేటాయించి, ఆ వయసు ముగిసినప్పుడు అందరి ఎదుట వీడ్కోలు చెప్పించింది. దుఃఖం తప్పలేదు గాని, ఆ దుఃఖం ఒంటరిది కాలేదు. ప్రేమించినవారిని విడిచిపెట్టడం పరిపక్వత అవుతుందా, లేక లొంగుబాటు మాత్రమేనా? దీనికి అందరికీ చెల్లే సమాధానం ఉండదు. పెళ్లి సంబంధాన్ని కాదనే అవకాశం ఆ మొటియారికి ఏ మేరకు ఉన్నదన్నదాని మీదనే అది ఆధారపడుతుంది. వీడ్కోలు ఎంత అందంగా జరిగినా ఆ అవకాశం లేనిచోట దానిని పరిపక్వత అనడం న్యాయం కాదు.

తెలుగు పాఠకుడికి ఈ సందర్భంలో అప్పగింతలు గుర్తురావడం సహజం. కూతురిని అత్తవారి చేతులలో పెట్టే ఆ ఘట్టంలో కూడా ఒక దశ ముగిసి మరొక దశ మొదలవుతున్నదన్న సంగతి బంధువులందరి సమక్షంలో కన్నీటితో ప్రకటితమవుతుంది. కాని అక్కడ విడిచి వెళ్లేది వధువు ఒక్కతే. వరుడు దేనినీ విడిచిపెట్టడు. అతడి కౌమారం ఎప్పుడు ముగిసిందో ఎవరూ అడగరు. ఘోటుల్‌లో ఇద్దరూ విడిచి వెళ్లవలసిందే. అక్షరాభ్యాసం నుంచి షష్టిపూర్తి వరకు వయసుకొక వేడుక ఉన్న సమాజంలో మగపిల్లవాడి యౌవనానికి మాత్రం ఒక ఇల్లు గాని, ఒక వీడ్కోలు గాని లేకపోవడం విచిత్రమే.

ఆశ్రమ ధర్మాల మాట కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. సుధీర్ కకర్ 1978లో వెలువరించిన ‘ది ఇన్నర్ వరల్డ్’లో బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అనే క్రమాన్ని ఎరిక్సన్ దశలతో పోల్చి చూశాడు. పోలిక ఆకర్షణీయమైనదే. అయితే పాట్రిక్ ఒలివెల్ 1993లో ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్యమైన చారిత్రక విషయాన్ని నిరూపించింది. ప్రాచీన ధర్మసూత్రాలలో ఆశ్రమాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చే దశలు కావు. విద్యాభ్యాసం ముగిసిన యువకుడు జీవితాంతం అనుసరించడానికి ఎంచుకోదగిన ప్రత్యామ్నాయ మార్గాలు. అవి వరుస మెట్లుగా మారినది తరువాతి కాలంలోనే. అంటే ఎంపిక క్రమంగా నియమమైనది. పైగా ఆ మెట్లు ద్విజ పురుషుడి కోసం ఏర్పడినవి. స్త్రీకి అక్కడ వేరే దశ లేదు. వేదాధ్యయన అర్హత లేదన్న వారికి అసలే లేదు. బ్రహ్మచారి గురువు ఇంటికి ఒంటరిగా వెళ్లాడు. ఘోటుల్‌కు ఊరి పిల్లలందరూ కలిసి వెళ్లారు. సామాజిక ఎదుగుదల గురించి మాట్లాడే ఎవరికైనా ఈ రెండవ నమూనా తక్కువది కాదు.

ఇంత చెప్పిన తరువాత ఎల్విన్‌ను కొంత అనుమానంతో చదవవలసిన అవసరం కూడా చెప్పాలి. 1928లో మార్గరెట్ మీడ్ సమోవా యువతుల గురించి రాసినప్పుడు తన దేశపు కౌమారంలో లేని ప్రశాంతతను అక్కడ చూసిందనీ, చూడదలచుకున్నదే చూసిందనీ 1983లో డెరెక్ ఫ్రీమన్ విమర్శించాడు. ఆ విమర్శ మీద కూడా విమర్శలు వచ్చాయి. ఆ తగవు ఇక్కడ అక్కరలేదు. మతాచార్యుడుగా జీవితం ప్రారంభించి ఆ నిగ్రహంతో తెగదెంపులు చేసుకున్న ఎల్విన్ సైతం ఘోటుల్‌లో తాను పోగొట్టుకున్న యౌవనాన్ని వెదకలేదని చెప్పడం కష్టం. ఆయన పుస్తకం విద్వాంసులను ఆకట్టుకున్నంతగానూ కుతూహలపరులనూ ఆకట్టుకున్నది. కెమెరాలు పట్టుకుని వచ్చినవారికి ఘోటుల్ అంటే రాత్రి నిద్ర మాత్రమే. కట్టె మోసుకువచ్చే పసివాడు వారి కంటబడలేదు. చూడవచ్చినవారి చూపు చదువుకున్న మురియా యువకులకు సిగ్గును మిగిల్చింది. సిమెరన్ గెల్ 1992లో ప్రచురించిన అధ్యయనం ఘోటుల్‌ను పెళ్లి, కుటుంబ వ్యవస్థలతో కలిపి చూసింది. పెద్దల లోకానికి ఎదురు నిలిచిన స్వేచ్ఛాసీమగా దానిని భావించడం పొరపాటని ఆ దృష్టితో చూస్తే అర్థమవుతుంది. అబూజ్‌మాడ్ కొండ మడియాలలో ఘోటుల్ మగవారికే పరిమితమైన సంగతి కూడా, బస్తర్ అంతటికీ ఒకే చిత్రం గీయరాదని హెచ్చరిస్తుంది.

బడి రావడం ఈ కథలో రెండవ అధ్యాయం. ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ గ్రంథకర్త డబ్ల్యు. వి. గ్రిగ్‌సన్ 1927 నుంచి 1931 వరకు బస్తర్ సంస్థానానికి పాలనాధికారి. తరువాత నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ బాధ్యతలు నిర్వహించాడు. ఆ కాలంలోనే 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆరంభమైనది. గోండు పిల్లలకు గోండుల చేత, మొదట గోండీలోనే చదువు చెప్పించాలన్నది అక్కడి సంకల్పం. బస్తర్‌కు ఆ అదృష్టం విస్తృతంగా పట్టలేదు. 1948లో సంస్థానం విలీనమైన తరువాత వచ్చిన పాఠశాల హిందీలో మాట్లాడింది. పల్లెలు దూరదూరంగా ఉండడం వల్ల బడితోపాటు వసతిగృహమూ వచ్చింది.

ఆశ్రమ పాఠశాలలు చేసిన మేలు చిన్నది కాదు. వినోబా భావే అనుయాయి ధరమ్‌పాల్ సైనీ జగదల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో 1976లో స్థాపించిన సంస్థ గిరిజన బాలికలకు చదువుతోపాటు ఆటలనూ నేర్పి, వారిలో అనేకులను ఉద్యోగాలకు చేర్చింది. 1985లో నారాయణపూర్‌లో మొదలైన రామకృష్ణ మిషన్ ఆశ్రమం అబూజ్‌మాడ్ పిల్లలకు తలుపు తెరిచింది. పెద్దలు కుదిర్చిన మేనరికాన్ని కాదనే శక్తిని ఘోటుల్ కంటె ఈ బడులే ఎక్కువగా ఇచ్చాయనడంలో సందేహం లేదు. ఘోటుల్ పోయిందని విలపించేవారు ఈ మాటను ముందుగా ఒప్పుకోవాలి.

ఒప్పుకున్న తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఘోటుల్‌లో ఆరేళ్లవాడు, పద్దెనిమిదేళ్లవాడు ఒకే కప్పు కింద ఉండేవారు. పెద్దవాడు చిన్నవాడిని తీర్చిదిద్దేవాడు. తరగతి గదిలో ఒకే ఈడువారు ఒకచోట చేరతారు. తీర్చిదిద్దే పని జీతం తీసుకునే ఉపాధ్యాయుడిది. వసతిగృహంలోని పిల్లవాడు బియ్యం, దుప్పటి, సబ్బు అందుకునేవాడు. ఘోటుల్‌లోని పిల్లవాడు కట్టె తెచ్చి ఇచ్చేవాడు. నేను పనికివచ్చేవాడినా అన్న ఎరిక్సన్ ప్రశ్నకు రెండవవాడి భుజం మీద సమాధానం ఉన్నది. మొదటివాడు పరీక్షాఫలితం వచ్చేవరకు వేచి ఉండాలి. తప్పితే? పదవ తరగతి తప్పి ఊరికి తిరిగి వచ్చిన కుర్రవాడు అడవి పని మరచాడు, కార్యాలయపు పని నేర్వలేదు. పైన్ రిడ్జ్ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు సోమరితనమని నిందించిన సూ పిల్లల మౌనంలో ఎరిక్సన్ చూసినది ఇటువంటిదే. రెండు పెంపకాల నడుమ నిలబడిన పిల్లవాడు రెండింటికీ జవాబు చెప్పలేక మౌనం వహిస్తాడు. ఈ నష్టం బడి వల్ల అనివార్యమైనది కాదు. ఊరి పెద్దను, గోండీ మాటను, పిల్లల పనిని గుమ్మం బయట నిలబెట్టిన బడి వల్ల కలిగినది.

మూడవ అధ్యాయం దారుణమైనది. 1980లో గోదావరి దాటి దండకారణ్యంలోకి ప్రవేశించిన దళాలు తెలుగు నేల నుంచి వెళ్లినవే. కాలక్రమంలో పల్లెలలో బాల సంఘాలు ఏర్పడ్డాయి. అక్కడి నుంచి దళాలకు దారి ఉన్నది. పసివారిని సాయుధ సంస్థలు చేర్చుకోవడాన్ని ఐక్యరాజ్య సమితి నివేదికలు పలుమార్లు పేర్కొన్నాయి. 2005లో సల్వా జుడుం ఆరంభమైన తరువాత ప్రభుత్వ పక్షాన కూడా యువకుల చేతికి తుపాకి వచ్చింది. ప్రత్యేక పోలీసు అధికారులనే పేరుతో, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో, అయిదవ తరగతి చదివినవారికి ప్రాధాన్యమిచ్చే అర్హతతో వారిని నియమించారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్. ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో న్యాయశాస్త్రానికి మించిన ఒక మానవ విచారణ ఉన్నది. అయినవారిని పోగొట్టుకుని ఆగ్రహంతో ఉన్న యువకుడు స్వచ్ఛందంగా ముందుకు వచ్చాడన్నంత మాత్రాన అతడి చేతికి ఆయుధం ఇవ్వవచ్చునా అని ధర్మాసనం ప్రశ్నించింది. ఒక వయసుకు సహజమైన ఆవేశాన్ని సాధనంగా వాడుకోవడం ఎవరు చేసినా తప్పే అన్న భావం ఆ విచారణలో ధ్వనిస్తుంది.

ఆ సంవత్సరాలలో బడి భవనాలు కూడా నేలమట్టమయ్యాయి. భద్రతా బలగాలు బడులలో మకాం వేశాయి. మావోయిస్టులు బడులను పేల్చివేశారు. ఎందరో కుటుంబాలతో ఇంద్రావతి, శబరి తీరాలు విడిచి ఖమ్మం, భద్రాచలం అడవులకు వలస వచ్చారు. ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో పెరిగిన ఆ పిల్లలకు ఘోటుల్ అన్న మాట తెలియదు. కులధృవీకరణ పత్రం లేదన్న మాట బాగా తెలుసు.

పత్రాల ప్రస్తావన వచ్చింది గనుక వయసు నిర్ధారణ గురించి ఒక మాట. మురియా పల్లెలో వయసు అంకె కాదు, స్థానం. పెళ్లయ్యేవరకు చెలిక్, పెళ్లయ్యాక గృహస్థు. ఎన్నేళ్లన్నది ఎవరికీ అక్కరలేదు. చట్టానికి అంకె కావాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బడి ధృవపత్రం, అది లేకుంటే స్థానిక సంస్థ ఇచ్చిన జనన ధృవపత్రం, ఏదీ లేకుంటే ఎముకల పరీక్ష. ఆయుధంతో పట్టుబడిన ఒక పిల్లవాడు బాలుడా పెద్దవాడా అన్నది అతడి ఎముక చెప్పాలి. పద్దెనిమిది అన్న అంకె రక్షణ కోసం పుట్టినదే, దానిని తేలిక చేయరాదు. కాని ఆ అంకెకు ఇవతల అతడికి ఎవరు ఏ ఇల్లు ఇచ్చారన్న ప్రశ్నకు ఎముకలో సమాధానం దొరకదు.

2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయారు. అంతకుముందూ ఆ తరువాతా లొంగిపోయినవారు అనేకులు. ఇటువంటివారిలో పదమూడు, పద్నాలుగేళ్లకే ఇల్లు విడిచినవారు ఉంటారు. ముప్పై దాటాక తిరిగి వచ్చినవారు ఏ దశ నుంచి జీవితం మొదలుపెట్టాలి? దళంలో పెళ్లి చేసుకోదలచిన పురుషులకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించడం రివాజుగా ఉండేది. లొంగిపోయిన తరువాత కొందరు మళ్లీ శస్త్రచికిత్స చేయించుకుని తండ్రులైన సంగతి వార్తలకు ఎక్కింది. పునరావాస పథకంలో ఇల్లు, నగదు, వృత్తి శిక్షణ ఉంటాయి, ఉండవలసినవే. కాని వారు పోగొట్టుకున్నది జీవనోపాధి ఒక్కటే కాదు. తోటివారితో అల్లరి చేయవలసిన రాత్రులు, తప్పు చేసి కట్టెమోపు జరిమానా చెల్లించి క్షమాపణ పొందవలసిన సందర్భాలు, ఇష్టపడినవారికి దువ్వెన చెక్కి ఇవ్వవలసిన తీరిక వారి జీవితంలో లేవు. దళంలో తప్పుకు శిక్ష వేరు. ఇవతలి పక్షాన తుపాకి పట్టి, ఇప్పుడు పోలీసు దళాలలో కొనసాగుతున్నవారి స్థితి కూడా ఈ విషయంలో భిన్నం కాదు. ఒకే ఊరి ఇద్దరు, ఒకే ఘోటుల్‌లో పక్కపక్కన పడుకోవలసిన వయసులో, ఎదురెదురుగా నిలిచారు.

వారిని మళ్లీ ఒక ఊరిలో కూర్చోబెట్టే పని ఏ ఒక్క శాఖదీ కాదు. పెద్దలు చేయవలసిన పని అది. ఆ పెద్దరికమూ దెబ్బతిన్నది. నడివయసువారి సంకటం తరువాతి తరానికి ఏమి ఇస్తున్నామన్నదే అయితే, ఇరవై ఏళ్ల పోరులో ఎటువైపు మాట్లాడినా ప్రాణభయంతో మౌనం వహించిన ఊరిపెద్దలు తమ వంతు ఇవ్వలేకపోయారు. కొన్ని పల్లెలలో ఘోటుల్ పాకలను తిరిగి కప్పుతున్నారు. అవి ఎక్కువగా పండుగ నృత్యాలకు, పంచాయితీ మాటలకు వాడుకునే చావడులు. రాత్రి నిద్రకు కాదు. పాతది ఉన్నది ఉన్నట్టుగా తిరిగి రావాలని ఎవరూ కోరడం లేదు, కోరనక్కరలేదు. వయసులు కలిసి కూర్చునే చోటు, చిన్నవాడు కూడా ఏదో ఒకటి తెచ్చి ఇచ్చే చోటు ఊరిలో ఒకటి ఉన్నదా లేదా అన్నదే చూడవలసినది.

దంతెవాడ సమీపంలోని గామావాడలో చనిపోయినవారి స్మృతికి నిలిపిన పెద్ద రాళ్లు ఉన్నాయి. బస్తర్‌లో మడియాలు గతించిన పెద్దలకు రాతి పలకలు, చెక్కిన కర్ర స్తంభాలు నిలపడం తరతరాల ఆచారం. మృతుడు కూడా వంశంలో ఒక దశను పొందినవాడే. అతడికీ ఒక చోటు కావాలి. స్తంభాల మీద పక్షులు, వేట, నృత్యం, ఆ వ్యక్తి జీవితంలో ప్రీతికరమైన వస్తువులు ఉంటాయి. సిమెంటు వచ్చిన తరువాత సైకిళ్లు, మోటారు వాహనాలు, విమానాలు కూడా రంగులతో వెలిశాయి. దళాలు తమ మృతులకు ఎర్ర స్తూపాలు కట్టాయి. బలగాలు వాటిని కూల్చాయి. మరణించిన జవానులకు కొన్ని కుటుంబాలు రోడ్డు పక్కన నిలువెత్తు విగ్రహాలు పెట్టించుకున్నాయి. ఆ విగ్రహాల చేతిలో తుపాకి ఉంటుంది. మనుమలను చూసి పోయిన పెద్దల పాత స్తంభాల పక్కనే, మీసాలు కూడా సరిగా రాని ముఖాలతో అవి నిలబడి ఉన్నాయి.